ఎర్రనీళ్ళ టీచరుగారు

మైకు కీచుమంటే చాలు, నాకు చిర్రెత్తుకొస్తుంది. మొన్న మా మండలంలో ఒక బడికి కొత్త గదులు ప్రారంభించారు. పక్క ఊరి హైస్కూలు ప్రధానోపాధ్యాయురాలిని కాబట్టి నన్నూ పిలిచారు. షామియానా కింద ఉక్కపోతలో కూర్చుని బూరెల వాసన పీలుస్తున్నాను. వేదిక మీద ఒకాయన, ఆ గదులు మంజూరు చేయించిన పెద్దమనిషి దూరదృష్టిని అరగంట సేపు పొగిడాడు. ఆ గదులు కట్టింది ఊరందరికీ తెలిసిన పల్లంలో. గోదావరి కాస్త పొంగితే ముందు మునిగేది అవే. అందరూ చప్పట్లు కొట్టారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. దూరదృష్టి అనే మాటను ఇంత చవకగా పంచిపెట్టడం నేను ఓర్చుకోలేను. ఆ మాట అసలు ఎవరికి దక్కాలో, ఆవిడకు దాని బదులు ఏం దక్కిందో నా కళ్ళతో చూశాను.

ఆవిడ పేరు సుభద్ర. మాకు తెలుగు చెప్పేవారు. మాది గోదావరి పాయల మధ్య ఉన్న లంక ఊరు. బయటికి రావాలంటే ఒకటే కాజ్‌వే, నీళ్ళు పెరిగితే అదీ ఉండదు. టీచరుగారు ఏటిగట్టు అవతలి ఊరి నుంచి రోజూ ఆ కాజ్‌వే మీదుగా నడిచి వచ్చేవారు. సన్నటి మనిషి. ఎండైనా వానైనా చేతిలో గొడుగు. గొంతు పెద్దది కాదు గానీ, చివరి బెంచీలో నిద్రపోయేవాడు కూడా ఆవిడ పాఠానికి లేచి కూర్చునేవాడు.

పదో తరగతిలో ఒకరోజు, "ముందుచూపు అంటే ఏంటర్రా?" అని అడిగారు. నేను చటుక్కున లేచి, "రేపు జరగబోయేది ఇవాళే తెలుసుకోవడం టీచర్," అన్నాను.

"అది సోది చెప్పేవాళ్ళ పనమ్మా, మనది కాదు. నిరుడు జరిగింది ఈ ఏడు మర్చిపోకుండా ఉండు, చాలు. అదే ముందుచూపు," అన్నారు.

తర్వాత బోర్డు మీద దూరదర్శి, దీర్ఘదర్శి అని రాశారు. పాత నిఘంటువుల్లో ఇవి పండితుడికి మారుపేర్లని చెప్పారు. రాజులనూ మంత్రులనూ పొగిడేటప్పుడు ఇలాంటి మాటలు బారులు తీరేవట. ముందుచూపు మాత్రం ఇళ్ళల్లో, పొలాల్లో పుట్టి పెరిగిన మాట. తొలకరికి ముందే పుల్లలు అటకెక్కించే మనిషిది, ఒక్క చేను పోయినా ఇంకో చేనుకు విత్తనం దాచే మనిషిది. "పని ఒకటేనర్రా. మంత్రి చేస్తే దూరదృష్టి అంటారు, మీ అమ్మ చేస్తే చాదస్తం అంటారు. పరీక్షలో రాదు గానీ రాసుకోండి," అన్నారు. మేం నవ్వుతూ రాసుకున్నాం.

ఆవిడ చాదస్తం మాకు బాగా తెలుసు. ఏటా పైన కొండల్లో వానలు పడి గోదావరి రంగు మారి ఎర్రనీళ్ళు దిగగానే, బడి రిజిస్టర్లు అటక మీదికి ఎక్కించమని ఆఫీసు గది ముందు నిలబడేవారు. అందుకే పిల్లలం ఆవిడను ఎర్రనీళ్ళ టీచర్ అనేవాళ్ళం. నేనూ అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

మేం పది పాసైన ఏడాది నేను టీసీ కోసం బడికి వెళ్ళినప్పుడు ఆ గది ముందు మాటలు నా చెవిన పడ్డాయి. హెడ్మాస్టరుగారు కుర్చీలో వెనక్కి వాలి ఉన్నారు. "అపశకునం మాట్లాడకండి టీచరుగారూ. ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరిక ఇస్తారు, పైనుంచి ఆర్డరొస్తుంది, అప్పుడు మారుద్దాం," అన్నారు.

"హెచ్చరిక వచ్చేసరికి మన కాజ్‌వే ఉండదండి. ఆర్డరు ఏ దారిన వస్తుందండి?" అన్నారు ఆవిడ.

రెండు రోజుల తర్వాత హెడ్మాస్టరుగారు సెలవు పెట్టి, బడి బాధ్యత ఆవిడకు అప్పగించి వెళ్ళారు. ఆ రోజే ఆవిడ అడ్మిషన్ రిజిస్టర్లు, టీసీ పుస్తకాలు, మార్కుల జాబితాలు అన్నీ ఖాళీ యూరియా సంచుల్లో కట్టించి, రిక్షాలో వేయించి, గట్టు అవతల తన ఇంటి అటక మీద పెట్టుకున్నారు. ఆ సంచుల మధ్య ఇరుక్కుని కూర్చుని వెళ్తున్న ఆవిడను చూసి వీధి వీధంతా నవ్వింది.

వారం తిరగకుండా వరద వచ్చింది. మా బడి కిటికీల పైదాకా మునిగింది. నీళ్ళు తీశాక ఆఫీసు బీరువా తలుపు తెరిస్తే లోపల మిగిలిన కాగితాలన్నీ ముద్దయిపోయాయి. ఎన్నో ఏళ్ళ పిల్లల పుట్టినతేదీలు, కులం, చదువు, అన్నీ టీచరుగారి అటక మీద పొడిగా ఉన్నాయి. అప్పటికింకా చేతికి రాని నా టీసీ కూడా. అది లేకపోతే నాకు కాలేజీ లేదు, ఈ ఉద్యోగమూ లేదు.

ఆ తర్వాత బళ్ళో సభ పెట్టారు. పెద్దాఫీసరు వచ్చి, రికార్డులు కాపాడిన హెడ్మాస్టరుగారి దూరదృష్టిని మెచ్చుకుని శాలువా కప్పారు. ఆయన చేతులు జోడించి, సిగ్గు లేకుండా కప్పించుకున్నారు. టీచరుగారు పిల్లల వెనక నిలబడి ఉన్నారు. నెల తిరగ్గానే అదే ఆఫీసు నుంచి ఆవిడకు మెమో వచ్చింది. ప్రభుత్వ రికార్డులను అనుమతి లేకుండా సొంత ఇంటికి తరలించినందుకు సంజాయిషీ ఇవ్వాలట. ఒకే పనికి ఒకరికి శాలువా, ఒకరికి మెమో. ఇంతకంటే అన్యాయం ఇంకెలా ఉంటుందో నాకు తెలియదు.

తప్పయిందని ఒక్క ముక్క రాసిస్తే మెమో తీసేస్తామని కబురొచ్చింది. మా నాన్న కూడా వెళ్ళి బతిమాలాడు. "రాసివ్వండి టీచరుగారూ, పోయేదేముందండి?"

"పోయేది వచ్చే ఏడు రిజిస్టర్లండి," అన్నారు ఆవిడ. "ఇవాళ తప్పని నేనే రాస్తే, రేపు ఎర్రనీళ్ళొచ్చినప్పుడు ఎవరూ వాటిని ముట్టుకోరు." సంజాయిషీలో ఆవిడ రాసింది ఒక్కటే వాక్యం: వచ్చే ఏడాది కూడా ఇలాగే మారుస్తాను.

మెమో అలాగే ఉండిపోయింది. ప్రమోషన్ల జాబితా వచ్చినప్పుడల్లా అడ్డం పడింది. ఆవిడ కంటే చిన్నవాళ్ళు హెడ్మాస్టర్లయ్యారు, ఆవిడ తెలుగు టీచరుగానే రిటైరయ్యారు. పోయిన ఏడాది ఆవిడ పోయారు. ఆ మెమో రద్దు చేయమని నేను రాసిన అర్జీలకు ఈనాటికీ జవాబు రాలేదు. పోయిన మనిషి ఫైలు తెరవడం కుదరదని ఆ ఆఫీసులో ఒకాయన నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు నాకు ఇంకా ఒళ్ళు మండిస్తూనే ఉంది.

నేనిప్పుడు అలాంటి లంక ఊరి బడికే హెడ్మిస్ట్రెస్‌ని. ఈ ఏడు జూలైలో ఎర్రనీళ్ళు దిగిన మర్నాడే రిజిస్టర్లన్నీ గట్టు మీది పంచాయతీ మేడకు చేర్చాను. మూడో రోజు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది.

"హెచ్చరిక ఇంకా రాలేదు కదండీ మేడం, ఎవరి ఆర్డరు మీద మార్చారండి?"

"సుభద్ర టీచరుగారి ఆర్డరండి."

"ఆవిడెవరండి? మా లిస్టులో లేరే."

"మెమోల ఫైల్లో ఉంటారండి. తీసి చూడండి," అని ఫోన్ పెట్టేశాను.