తిప్పతీగ రసం మానేశాక

నాకు కీమో మొదలైందని నలుగురికీ తెలియగానే నా ఫోను దవాఖానా అయిపోయింది. గోధుమగడ్డి మంచిదని ఒకరు, బొప్పాయి ఆకును మించింది లేదని ఇంకొకరు. చర్చివాళ్లు ఫోనులోనే ప్రార్థన చేసి ఆమెన్ అనగానే పెట్టేసేవారు. కల్లూరులో ఉన్న తమ్ముడు "మేమంత లేమా అక్కా" అనేవాడు. ఉన్నారు, కల్లూరులో. మణుగూరు శివార్లలోని నా ఇంట్లో మాత్రం నేనూ, టీవీ. పెళ్లి చేసుకోని రిటైర్డ్ టీచర్ ఇంటికి పనిలేకుండా ఎవరొస్తారు?

ఒక్క అవ్వే వచ్చింది. వాగు అవతలి గూడెం నుంచి అడ్డాకుల విస్తళ్లు తెచ్చి మా వీధిలో అమ్ముతుంది. నా గుండూ, నా వాంతులూ చూసి ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే తిప్పతీగ దంచి తీసిన రసం స్టీలు గ్లాసులో పట్టుకొచ్చింది.

"తాగు టీచరమ్మా. కడుపుల తిప్పుడు తగ్గుతది."

ఒట్టి చేదు. తిప్పడం తగ్గిందో లేదో చెప్పలేను. కానీ నేను తాగేదాకా ఆమె అరుగు మీద కూర్చునేది. కోడలి గొంతు పెద్దదనీ, ఈ ఏడు ఇప్పపువ్వు సరిగా రాలలేదనీ చెప్పేది. రోజూ అదే వరస. నేను కావాలనే మెల్లగా తాగేదాన్ని.

ఖమ్మంలో డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి మొహం చిట్లించింది. లివర్ దెబ్బతింటోందట, ఈసారి కీమో ఎక్కించడం కుదరదట.

"ఇంట్ల ఏమన్న పసర్లు తాగుతున్నరా?"

దాచకుండా చెప్పాను. ఆ తీగ కొందరి లివర్‌కు పడదనీ, కీమోతో కలిస్తే ఏమవుతుందో చెప్పలేమనీ, వెంటనే మానెయ్యమనీ అంది. "నీరసం తగ్గాలంటే రోజూ కొంచెం కొంచెం నడవండి. ఎవరినన్న తోడు తీస్కపోండి" అని కూడా అంది. ఆ తోడు ఏ మెడికల్ షాపులో దొరుకుతుందో మాత్రం చీటీ మీద రాయలేదు.

మర్నాడు అవ్వ గ్లాసు చాపితే సంగతి చెప్పాను. "నీ తప్పేం లేదవ్వా, నా ఒంటికి పడలె."

"అవ్ బిడ్డా, డాక్టరు చెప్పినంక ఇంకేముంది" అని, రసం గేటు పక్కన పారబోసి వెళ్లిపోయింది. ఆ తర్వాత మా వీధిలో ఆమె కేక వినిపించేది. నా గేటు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి, పక్కింటి దగ్గర మళ్లీ మొదలయ్యేది.

తర్వాతి పరీక్ష బాగానే వచ్చింది. మళ్లీ కీమో ఎక్కించారు. ఆ మాట చెప్పుకోవడానికి మనిషి లేక టీవీ పెట్టుకుని కూర్చున్నాను.

కీమో తెచ్చిన తిమ్మిర్లతో పాదాలకు నేల ఆనుతున్నట్టే ఉండేది కాదు. అయినా కర్ర పట్టుకుని గేటు దాకా, తర్వాత పాలబూతు దాకా నడవడం అలవాటు చేసుకున్నాను. ఒక పొద్దున అవ్వ మీద రోషం పొంగుకొచ్చి, ఆగి ఆగి వాగు వంతెన కూడా దాటేశాను.

గుడిసె ముందు విస్తళ్లు కుడుతున్న అవ్వ నన్ను చూసి గబగబా మంచం వాల్చింది. కూర్చోకుండానే అడిగాను.

"నా గేటు ముందర్నుంచే పోతవ్, పలకరియ్యవ్. నేనేం జేసిన అవ్వా?"

ఆమె తెల్లబోయింది. "రోగమున్న ఇంటికి వట్టి చేతుల్తోటి ఎట్ల రావాలె టీచరమ్మా? నా తాన ఉన్నది గా తీగొక్కటే. గదీ నీకు పడదంటివి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఎవరినీ ఏదీ అడగని మనిషినని నాకు పేరు. "ఏం తేకవ్వా. ఊరికే వచ్చి కూసో. నాకు మాట్లాడెతందుకు ఎవ్వరు లేరు" అనేశాను.

అవ్వ ఆకులు పక్కన పెట్టి, "పా, ఇంటిదాంక వస్త" అని నాతో బయల్దేరింది. మా వీధిలోకి రాగానే తన వట్టి చేతులు రెండూ కొంగు కింద దాచుకుంది.