రుచి చూడని ఇసుక

మా ఇంటి మేస్త్రి పోయాడని పోయిన వారం తెలిసింది. ఎమ్మిగనూరు నుంచి దుప్పట్లు తెచ్చి అమ్మే ఆయన మా అరుగు మీద మూట విప్పుతూ చెప్పాడు.

"మీ ఉప్పు మేస్త్రి పోయినాడు గదప్పా, బేస్తవారం. తెల్లారి నమాజుకని లేసినోడు ఆడనే కూలబడినాడంట."

నాన్న దుప్పటి అంచును వేళ్లతో నలిపి చూస్తున్నాడు. "పాపం, మంచోడే," అన్నాడు. "మా గోడ మాత్రం పాడు చేసి పోయినాడు." తర్వాత దుప్పటి ధర అడిగాడు.

నేను తలుపు వెనక ఉన్నాను. అసహ్యం వేసింది. నాన్న ఒక్కడి మీదే అయితే ఆ అసహ్యం మధ్యాహ్నానికి తగ్గిపోయేది. తగ్గలేదు. ఆ గోడను పాడు చేసింది మేస్త్రి కాదు, నేను. గోడ కథ ఆదోనిలో చాలామందికి తెలుసు. వాళ్లకు తెలిసింది తప్పు. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను. అంతా విన్నాక రాయమన్నది ఆయన కూతురు.

మాది గానుగ వీధి. నా చిన్నప్పుడు అక్కడ రెండు నూనె గానుగలు, పత్తి బండ్లు నిలిపే దొడ్లు, మట్టి మిద్దెలు ఉండేవి. నేను హైస్కూలుకు వచ్చేసరికి దొడ్లు ప్లాట్లయ్యాయి. బ్యాంకాయన, డాక్టరు, ఇద్దరు పత్తి దలాలీలు ఇళ్లు కట్టుకున్నారు. ఒకరోజు వీధి మొదట్లో ఏదో నగర్ అని రాసిన పసుపు బోర్డు పాతారు. అప్పటినుంచి గానుగ వీధి అని ఎవరైనా అంటే అమ్మకు కోపం వచ్చేది. మా ఇల్లు మాత్రం తాత నాటిది. ఎదురింటి దలాలీ ముందు గదికి మొజాయిక్ వేయించాడని, మా ముందు గది కూడా మార్చాల్సిందేనని నాన్న పట్టుబట్టాడు. పాత గోడ తీసేసి ఇటుకతో కట్టాలి, పెద్ద కిటికీ పెట్టాలి, పిస్తా రంగు డిస్టెంపరు కొట్టాలి. ఎనభై ఐదు ఎండాకాలం పని మొదలైంది. నాకు పద్నాలుగేళ్లు.

మేస్త్రికి అప్పటికి అరవై దగ్గర. పొట్టి మనిషి. చారల లుంగీ, నెత్తికి తువ్వాలు. ఊళ్లో సగం పాత ఇళ్లకు ఆయనో వాళ్ల నాయనో చెయ్యి వేసినవాళ్లే. పనిలోకి దిగే ముందు అన్నీ రుచి చూసేవాడు. బావి నీళ్లు, మట్టి, ఇసుక. చిటికెడు ఇసుక నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. బాగుంటే తల ఊపేవాడు. గోడను తినే ఉప్పు తగిలితే "థూ!" అని ఉమ్మేవాడు. ఆ చప్పుడుకు బండి ఎద్దులు కూడా తల తిప్పి చూసేవి. బండివాళ్లు మారు మాట్లాడకుండా బండి తిప్పుకుని పోయేవారు.

చెడ్డ పని అంటే ఆయనకు రోత. పక్కింటి కొత్త గోడను ఒకసారి వేలి కణుపుతో కొట్టి చూసి, "ఇది గోడ గాదమ్మా, అప్పడం. నూనెలో ఏస్తే పొంగుతాది," అన్నాడు. నేను నవ్వాను. ఇంటికి వచ్చిన మగవాళ్ల ముందు నేను నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

మేస్త్రికీ ఆయన వెంట వచ్చే ఇద్దరు పనివాళ్లకూ నీళ్ల కోసం అమ్మ ఒక అల్యూమినియం గ్లాసు వాకిట గూట్లో పెట్టింది. లోపల స్టీలు గ్లాసులు ఇరవై ఉన్నాయి. ఆయన తాగి, కడిగి, తనే గూట్లో బోర్లించేవాడు. అమ్మ ఎప్పుడైనా దాన్ని పక్కకు జరపాల్సి వస్తే రెండు వేళ్లతో ఎత్తేది. రంజాన్ నెల వచ్చాక ఆ గ్లాసు బోర్లించింది బోర్లించినట్టే ఉంది.

ఇసుక బండి ఆ నెలలోనే వచ్చింది. తుంగభద్ర ఇసుక లారీ రెండు వారాలుగా రాలేదు. ఆలస్యమైతే ఎదురింటి వాళ్లు నవ్వుతారని, ఊరి బయటి వంకలోంచి ఇసుక తోలమని నాన్న ఎవరికో చెప్పేశాడు. బండి వచ్చేసరికి నాన్న మండీలో ఉన్నాడు. ఇటుకలు మోసే ఆడవాళ్లు అన్నానికి పోయారు.

"దించల్నా, తిప్పుకోనా? ఇంగో ఇంటికాడ కాసుకోని ఉండారు," అన్నాడు బండాయన.

మేస్త్రి గుప్పెడు ఇసుక తీసి వాసన చూశాడు. అలవాటుకొద్దీ చెయ్యి నోటి దాకా పోయి ఆగింది.

"ఒక్కపొద్దులో ఉండా. ఈళ్లిద్దరూ ఉండారు," అన్నాడు పనివాళ్లను చూపిస్తూ.

"అయితే నేను సూసి చెప్తా."

"నీ ఇసుక నువ్వు సూస్తే చక్కెర మాదిరే ఉంటాదిలే."

నేను అరుగు మీద పుస్తకం చదువుకుంటున్నాను. మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఒక్క చిటికెడు నాలిక మీద పెట్టుకోని చెప్పు. ఉప్పగుందా, సప్పగుందా, అంతే. సిస్టరమ్మల బడిలో సదివే పిల్లవు. నువ్వు చెప్తే మాటే."

అరచెయ్యి చాపాడు. సున్నం తిని పగిలిన చెయ్యి. పగుళ్లలో సిమెంటు, గోళ్ల కింద నలుపు, మధ్యలో చెమ్మ ఇసుక. నేను చిటికెడు తీసుకున్నాను. ఆడపిల్ల నలుగురి ముందు ఉమ్మడానికి సిగ్గుపడుతుందని ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. "మీరూ అట్ల తిరగండ్రా," అని పనివాళ్లతో, బండాయనతో అన్నాడు. నలుగురూ వీధి వైపు తిరిగి నిలబడ్డారు.

నేను ఇసుకను పావడా మడతల్లోకి జారవిడిచాను. పెదాలు కదిపాను. వట్టి నోటితో ఉమ్మాను.

"సప్పగా ఉంది," అన్నాను.

బండి దించారు.

ఇసుక నోట్లో పెట్టుకోవడానికి నాకేమీ కాదు. చిన్నప్పుడు బలపాలు తినేదాన్ని. నాకు అసహ్యం వేసింది ఆ చేతిని చూసి. సాయిబుల చేతిది తినకూడదని మా ఇంట్లో ఎవరూ నన్ను కూర్చోబెట్టి చెప్పలేదు. గూట్లో గ్లాసును చూసి నేర్చుకున్నాను. ఆ ఏడు బళ్లో నీతిబోధలో నాకు మొదటి బహుమతి వచ్చింది. అరుగు మీద చదువుతున్నది ఆ బహుమతి పుస్తకమే.

గది పూర్తయింది. వీధిలో వాళ్లందరినీ పిలిచి ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. బ్యాంకాయన భార్య గోడను తడిమి, "మా గోడకన్నా నున్నగా ఉందే," అంది. అమ్మ ఆ మాటను పది రోజులు చెప్పుకుంది. రెండు పెద్ద వానలు పడ్డాక పిస్తా రంగు బొబ్బలెక్కింది. గిల్లితే లోపల తెల్లటి నూగు, పాచిపోయిన రొట్టె మీద బూజులాగా. వారానికి గోడ సగం అలాగే అయింది. ముట్టుకుంటే చేతికి జిగట. గదిలో ఎప్పుడూ తడిగుడ్డ వాసన.

నాన్న మేస్త్రిని పిలిపించాడు. పనివాళ్లిద్దరూ వెంట వచ్చారు. ఎదురింటి దలాలీ పిలవకుండానే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"ఇసుక రుచి చూసినావా, లేదా?" అన్నాడు నాన్న.

"సూసినానప్పా."

"ఎవరు చూసినారు?"

"నేనే. నాలిక తప్పింది."

దలాలీ తొడ చరిచి నవ్వాడు. "అదేంది సాయిబూ! నెలంతా ఒక్కపొద్దు అంటివి. ఇసుకతోనే ఇడిస్తివా?"

నాన్న కూడా నవ్వాడు. లోపల అమ్మ నవ్వు వినిపించింది. పనివాళ్లిద్దరూ ఒక్కసారిగా తలెత్తారు. వాళ్లకు నిజం తెలుసు. మేస్త్రి వాళ్ల వైపు చూసిన చూపుకు మళ్లీ తల దించుకున్నారు. ఆయన నా వైపు మాత్రం చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. నేను రుచి చూసి పొరబడ్డాననుకున్నాడో, చూడనే లేదని గ్రహించాడో నాకు తెలియదు. నన్ను అంతమంది ముందు నిలబెట్టదలచుకోలేదు. నేను నోరు విప్పడానికి కావలసినంత సేపు ఉంది. విప్పలేదు.

ఆ రోజునుంచి ఆయన ఉప్పు మేస్త్రి. మా నగర్లో కొత్త ఇళ్లన్నీ కాంట్రాక్టర్లకు పోయాయి. రెండేళ్లపాటు వానలు వెళ్లాక ఆయన ఒక్కడే తీగల బ్రష్షు తీసుకుని వచ్చి మా గోడకు ఉప్పు గీకి, సున్నం కొట్టి పోయాడు. ఎవరూ పిలవలేదు. కూలి తీసుకోలేదు. నాన్న వద్దనలేదు. నేను పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని. "ఏం సదువుతాండావమ్మా?" అని అడిగేవాడు. చెప్పేదాన్ని, పుస్తకం పేరు మాత్రం.

"గోడ తొందరగా మాట్లాడదమ్మా," అన్నాడొకసారి గీకుతూ. "మాట్లాడినాక మటుకు ఆపలేం." అందులో నన్ను ఉద్దేశించింది ఏమీ లేదు. ఆయన చాటున పొడిచే మనిషి కాదు.

మూడో ఏడు ఆయన రాలేదు. ఎమ్మిగనూరులో కూతురి దగ్గరికి పోయాడని, మగ్గాల ఇళ్లలో నేతగాళ్లు కాళ్లు పెట్టుకునే గుంటలకు చెమ్మ ఎక్కకుండా గార పూస్తున్నాడని విన్నాం. మేడలు కట్టిన చెయ్యి. నాన్న గోడకు ప్లైవుడ్ పలకలు కొట్టించాడు. వచ్చినవాళ్లు బాగుందంటారు. పలకల వెనక బొద్దింకలు తిరుగుతాయి. కింది సందులోంచి తెల్లపొడి రాలుతుంది. అమ్మ రోజూ పొద్దున ఎవరూ రాకముందే ఊడ్చేస్తుంది.

దుప్పట్లాయన వెళ్లాక నేను అమ్మానాన్నలకు ఉన్నదంతా చెప్పాను.

"ఇప్పుడు చెప్తే గోడ బాగైతాదా?" అన్నాడు నాన్న.

అమ్మ లేచి వీధి తలుపు దగ్గరికి వేసింది. తర్వాత, "నోట్లో అయితే పెట్టుకోలేదు కదా?" అంది. లేదన్నాను. "అదే పదివేలు. ఎవరితోనూ అనవాక," అంది. ఆమె మొహంలో నిజంగా ఊరట కనిపించింది. నాకు అన్నం సయించలేదు.

మర్నాడు ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఇల్లు వెతకడం కష్టం కాలేదు. మేస్త్రి అనగానే చూపించారు. అక్కడ ఆయన్ని వట్టి మేస్త్రి అనే పిలుస్తారు. ఒకే గది. గదిలో సగం మగ్గం. ఆయన కూతురికి నలభై దాటి ఉంటాయి. నేను ఎవరో చెప్పాను.

"ఆ గోడ ఇంటి పాపవా?" అంది. కూర్చోమని చాప వేసింది. వాళ్లు తాగే గ్లాసులోనే టీ ఇచ్చింది. గుంట అంచున గార మీద చెయ్యి పెట్టాను. పొడిగా, చల్లగా ఉంది.

"ఉప్పు మేస్త్రి అంటే మా అబ్బాకు అంత బాధ లేదు పాపా," అంది ఆమె. "ఇసుక తిని రోజా ఒక్కపొద్దు ఇడిసినాడని మసీదు కాడ గూడా నవ్విరి. అది తట్టుకోలేకనే ఈడికి వచ్చేసినాడు. మా అమ్మ అడిగింది, నాకన్నా నిజం చెప్పు అని. నేనే సూసినా అనె. అమ్మ ఆ మాటే నమ్మి పోయింది. నేను మటుకు నమ్మలే. జరమొచ్చినా నీళ్లు ముట్టనోడు, మీ గోడకోసం ఇసుక ముట్టినాడా?"

నేను టీ గ్లాసు కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టాను. బండి వచ్చిందని చెప్పాను. నాన్న ఇంట్లో లేడని చెప్పాను. ఆయన చెయ్యి చాపాడన్న దగ్గర ఆగిపోయాను. ఆ చెయ్యి ఎలా కనిపించిందో ఆమెతో ఎలా చెప్పాలో తెలియలేదు.

ఆమె నా మొహంలోకి చూసింది. మెల్లగా మగ్గం వైపు తిరిగి, వీపు నాకు పెట్టి కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు," అంది.