కొత్త పంచె, పెద్ద బండి

ఆ రోజుల్లో మోటారుసైకిలు వేగంగా నడిపేవాడే మొనగాడని మా కుర్రాళ్లందరి నమ్మకం. నెమ్మదిగా నడపడానికి కూడా ఒక చదువుంటుందని జంషెడ్‌పూర్‌లో ఒక కార్ఖానా సెక్యూరిటీలో చేరాకగానీ నాకు తెలియలేదు. కార్ఖానా చూడటానికి పెద్దమనుషులు వస్తే వాళ్ల కారు ముందు పెద్ద బండ్ల మీద వెళ్లడానికి కొందరిని ఎంచుతున్నారు. నేర్పడానికి పోలీసులో రిటైరైన ఒకాయన్ని పెట్టారు. మేమాయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. మైదానంలో పేర్చిన ఇటుకల మధ్య, మనిషి నడక కంటే నెమ్మదిగా బండితో ఎనిమిది అంకె చుట్టాలి. కాలు నేలకు తగిలిందా, మళ్లీ గేటు దగ్గర నిలబడి టిఫిన్ డబ్బాలు తెరిపించి చూసే డ్యూటీయే.

నా కాలు తగిలేది. ప్రతిసారీ తగిలేది. (ఇదంతా డైరీలు చూసి రాస్తున్నాను. జ్ఞాపకాన్ని నమ్ముకుంటే నన్ను నేను కాస్త బాగా చూపించుకుంటానని భయం. ఆ పేజీల్లో ముందు వాన సంగతి, తర్వాత కూర సంగతి, చివర 'మళ్లీ కాలు' అని ఉంది.) క్లచ్ సగం పట్టి, వెనక బ్రేకు మీద పాదం ఆనీ ఆననట్టుంచి, చూపు దూరంగా పెట్టాలనేవాడు ఉస్తాద్. నేను ఇటుకనే చూసేవాణ్ని, బండి ఇటుక దగ్గరికే పోయేది. బరువు ఒక పక్కకి వాలగానే కాలు నన్నడక్కుండా దిగిపోయేది. "అరే ఆంధ్రా, జమీన్ భాగ్ రహీ హై క్యా?" అని అరిచేవాడాయన, నేలేమైనా పారిపోతోందా పట్టుకోవడానికి అన్నట్టు. ఇంట్లో మా నాన్న మాత్రం అప్పటికే మేముండే బారిడీహ్ పేటంతా చాటేశాడు, "మావోడంటే ఏటనుకున్నారు? పోలీసు బండి మీద ఎల్తాడు" అని.

బండి పరీక్షకు ముందు ఆదివారం మా అక్క పెళ్లి. విడిది నుంచి పెళ్లికొడుకును తీసుకురావలసింది పెళ్లికూతురి తమ్ముడు, అంటే నేను. ఊరేగింపుకి మాట్లాడిన గుర్రం సాక్చిలో ఇంకో పెళ్లికి పోయింది. "గుర్రమెందుకు, మావోడున్నాడు కదా!" అన్నాడు నాన్న. పక్కింటి కాంట్రాక్టరు బాబాయి తన పెద్ద బండి తెచ్చి నిలబెట్టాడు. పెళ్లివారు పెట్టిన తెల్లటి కొత్త పంచె నా ఒంటి మీద ఉంది. ముందురోజు వానకి వీధంతా ఎర్ర బురద. ముందు బ్యాండు, నా వెనక బావ, బండి పక్కనే మా పిన్ని.

"ఒరే, కాలు కిందెట్టీగలవు! పెళ్లోరెట్టిన పంచి. బురదైతే నాకూ నీకూ మాటొచ్చీగలదు."

బ్యాండువాళ్లు నాలుగడుగులు వేసి ఆగేవారు, ఆడవాళ్లు ఆడేవారు, మళ్లీ నాలుగడుగులు. వాళ్లెప్పుడు కదులుతారో తెలియాలని అందరి తలల మీదుగా పెద్ద డోలునే చూస్తూ నడిపాను.

"ఏటి బావా, ఈ నడకేటి? ముహూర్తానికి సేరతామా?" అన్నాడు బావ వెనకనుంచి.

"కదలకు బావా. కదిలితే ఇద్దరం బురదలోనే."

మండపం ముందు దిగాక పిన్ని నా పంచె అంచు తిప్పి చూసింది. "ఒక్క సుక్క లేదు" అంది. దారంతా నా కాలు నేలకు తగల్లేదని అప్పుడుగానీ నాకు వెలగలేదు. పంచె భయం పడిపోతానన్న భయాన్ని మెడబట్టి గెంటేసింది.

పరీక్షనాడు మైదానం ఎండిపోయి ఉంది, నేను ఖాకీ ప్యాంటులో ఉన్నాను. అయినా కింద బురద ఉందనుకున్నాను, ఒంటి మీద పంచె ఉందనుకున్నాను, దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకును డోలు అనుకున్నాను. కాలు దిగకుండా, ఒక్క ఇటుక కదలకుండా బండి బయటికొచ్చింది. ఈ మార్పు ఎలా వచ్చిందని ఉస్తాద్ అడిగితే నిజం చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సింది. తర్వాతి జట్టు నుంచి ఆయన మైదానాన్ని నీళ్లతో తడిపించి, కుర్రాళ్లను ఉతికిన తెల్ల ప్యాంట్లతో రమ్మన్నాడు. చాలా ఏళ్లు క్యాంటీన్లో నన్ను చూసి పళ్లు నూరేవాళ్లుండేవారు.

ఇప్పుడు గోవింద్‌పూర్‌లో చిన్న స్కూటరు నడుపుతున్నాను. మొన్న వాన వెలిశాక మనవరాల్ని ఎక్కించుకుని వస్తుంటే, "తాతా, పైదల్ వాలే భీ ఆగే నికల్ గయే" అంది, నడిచేవాళ్లు కూడా దాటిపోతున్నారని.

"ఇది పోలీసు నడకమ్మా" అన్నాను.

"తో ఫిర్ దోనో పైర్ నీచే క్యోం?"

చూసుకుంటే నిజమే. రెండు కాళ్లూ నేల మీదే ఉన్నాయి, తెల్ల పైజమా అంచు ఎర్రగా తడిసింది.

"ఉతికితే పోద్దిలేవే" అన్నాను. ఆ ముక్కే మా పిన్ని ఆ రోజు అని ఉంటే, రిటైరయ్యేదాకా టిఫిన్ డబ్బాలు తెరిపిస్తూ ఉండేవాణ్ని.