డాక్టరుగారి గ్లైడరు, నా రెండేళ్ళ కష్టం

పరువు ముంచుకోవడానికి ఎవరికైనా కొంత కాలం పడుతుంది, పక్కన నలుగురి సాయమూ కావాలి. నేను మాత్రం ఒక్కడినే, ఒక్క పొద్దుటిపూట, కోట అనే మా ఊరి దగ్గరి సముద్రపు ఒడ్డున ఆ పని పూర్తి చేశాను. నాతోపాటు డాక్టరుగారి గ్లైడరును కూడా ముంచాను. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

అవి అరవైల చివరి రోజులు. కోటలో నాది రేడియో రిపేరు కొట్టు. వయసు ఇరవై నాలుగు. నాకు తెలియని విషయం లోకంలో లేదని గట్టి నమ్మకం. మా ఊళ్ళో పళ్ళ డాక్టరుగారు ఒకాయన ఉండేవారు. పీకడానికి పళ్ళు లేనప్పుడల్లా ఆయన బెండులాంటి తేలిక చెక్కతో, పలుచటి కాగితంతో ఒక గ్లైడరు కట్టేవారు. దానికి మోటారు లేదు. చేత్తో విసిరితే గాలి మీద తేలుతుంది. మన చేతిలో ఉన్న పెట్టె, ఎటు తిరగాలో రేడియోతో దానికి చెబుతుంది. దాన్ని కట్టడానికి రెండేళ్ళు పట్టింది. ఇంకా ఒక్కసారి కూడా ఎగరలేదు.

లోపలి రేడియో పలకడం లేదని నా దగ్గరికి తెచ్చారు. రెండు రోజుల్లో పలికించి కబురు చేశాను. వచ్చి చూసి పొంగిపోయారు. "ఆదివారం ఇద్దరం పోదాం మస్తాన్. అందాకా ముట్టుకోబాక. మొదటిసారి నా చేత్తోనే విసరాల," అన్నారు.

ముట్టుకోవద్దని నాలాంటివాడికి చెప్పవచ్చునా, మీరే చెప్పండి? శనివారం పొద్దున్నే గ్లైడరును దుప్పట్లో చుట్టి, సైకిలు వెనక కట్టుకుని సముద్రానికి పోయాను. ఒక్కసారి ఎగరేసి మళ్ళీ కొట్లో పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

ఒడ్డున చెంగన్న వల బాగుచేసుకుంటున్నాడు. చేపలవేటలోనే తల నెరిసిన మనిషి. గ్లైడరును చూసి వల వదిలేసి వచ్చాడు. ఎవరు చేశారని అడిగాడు. అక్కడ నా నాలుక జారింది.

"నేనే చేసినా చెంగన్నా. రెండేండ్లు పట్టింది."

"శానా ఓపికబ్బయా నీకు," అంటూ రెక్కను వేలికొసతో తాకాడు. నేను జానెడు పొడుగు పెరిగాను. ఆయన మాత్రం పిడికెడు ఇసుక తీసి వదిలి, అది ఎటు పోతుందో చూశాడు. "ఇప్పుడొద్దు. గాలి ఇంకా నేల మీద నించే కొడతా ఉండాది. ఏది ఎగరేసినా సముద్రంలోకే పోద్ది. మధ్యాన్నం గాలి తిరిగినాక చూసుకో."

ఇదేమైనా గాలిపటమా, దీంట్లో రేడియో ఉంది, నేను చెప్పినట్టల్లా వింటుందని పాఠం చెప్పాను. పుట్టినప్పటినుంచీ సముద్రం మీద బతికిన మనిషికి గాలి గురించి నేను చెప్పడం!

గాలికి ఎదురుగా విసిరాను. పెట్టె మీద ఉన్నది ఒకటే బటను. ఒకసారి నొక్కితే కుడికి, ఇంకోసారి నొక్కితే ఎడమకు, వదిలేస్తే తిన్నగా. అంటే కిందటిసారి ఎటు తిప్పామో గుర్తుండాలి. మొదటి నొక్కుకు బుద్ధిగా కుడికి తిరిగింది. ఇసుక మీది వేడిగాలి దాన్ని తాటిచెట్టు ఎత్తుకు లేపింది. నా గుండె కూడా అంతెత్తున ఎగిరింది. ఆ సంతోషంలో లెక్క తప్పాను. పైగా అది నా వైపు వస్తుంటే దాని కుడి నాకు ఎడమ అయింది. ఇటు రమ్మంటే అటు తిరిగి, ముక్కు తూర్పుకు పెట్టి అలల మీదికి బయల్దేరింది.

నొక్కాను. తిరిగినట్టు అనిపించలేదు. మాట వినని రేడియోకు మా వృత్తిలో మొదటి వైద్యం నెత్తిన ఒకటి చరచడం. సగం సెట్లు దానికే బాగవుతాయి, కోటలో నాకు పేరొచ్చింది కూడా దానివల్లే. చెయ్యి దానంతట అదే లేచింది. పెట్టె నెత్తిన ఠప్పుమని చరిచాను. లోపల సెల్లుల తీగ పుటుక్కున ఊడింది. ఇక ఆ బటను నొక్కినా ఒకటే, నా ముక్కు నొక్కుకున్నా ఒకటే.

గ్లైడరు తిన్నగా, హాయిగా పోతోంది. ఈత రాకపోయినా నడుము లోతు నీళ్ళలోకి పరిగెత్తాను. చెంగన్న నన్ను చొక్కా పట్టి ఒడ్డుకు లాగి, ఇద్దరు తమ్ముళ్ళను కేకేసి పడవ నెట్టించాడు. కాసేపటికి గ్లైడరు కనబడలేదు. పడవ కూడా కనబడలేదు. ఎలుకలు కొరికాయని చెప్పనా, దొంగలు పడ్డారని చెప్పనా అని అబద్ధాలు వెతుక్కుంటూ తడిబట్టలతో నిలబడ్డాను. మొదటిసారి నా చేత్తోనే విసరాలన్న ఆయన మాట చెవిలోంచి పోవడం లేదు. భయం సరే, సిగ్గు అంతకన్నా ఎక్కువగా ఉంది.

వెనక డాక్టరుగారి స్కూటరు ఆగింది. కొట్టు మూసి ఉంటే, దుప్పటి మూటతో సముద్రం దారి పట్టానని పక్క కొట్టువాళ్ళు చెప్పారట. డాక్టరుగారు నా తడిబట్టలు చూశారు, చేతిలోని పెట్టె చూశారు.

"ఎగిరిందా?"

"ఎగిరింది సార్."

"ఎంతసేపు?"

"నాలుగైదు నిమిషాలు సార్."

నీళ్ళవైపు తిరిగారు. "నేను చూడలేకపోతినే," అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది. ఎలుకలనూ దొంగలనూ అక్కడే వదిలేశాను.

కాళ్ళ మీద పడబోతుండగా పడవ వచ్చింది. చెంగన్న చేతుల్లో ఒక విరిగిన రెక్క, కాగితం ఊడిన అస్థిపంజరం ఉన్నాయి. డాక్టరుగారి ముఖం చూసి, నన్ను కోప్పడుతున్నారనుకున్నాడు పాపం.

"అబ్బయ్యని ఏమనబాకండి సార్. రెండేండ్లు కూసోని సొంత చేత్తో చేసుకున్నాడంట. కడుపు ఎంత కాల్తా ఉంటదో."

డాక్టరుగారు నా వైపు తిరిగారు. ఇసుకనిండా ఎండ్రకాయలు దూరే బొక్కలున్నాయి కానీ, నేను దూరే సైజుది ఒక్కటీ లేదు.

"అట్టనా?" అన్నారు ఆయన మెల్లగా. "అయితే దిగులెందుకు పెద్దాయనా. ఒకసారి చేసినోడికి మళ్ళీ చెయ్యడం ఏం కష్టం?" అని తడి రెక్క తీసి నా చేతుల్లో పెట్టారు.

చేశాను. నాకు రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది. ప్రతి పుల్లనూ ఆయన పుచ్చిన పన్నును చూసినట్టు చూసి, సగం వెనక్కి పంపేవారు. పూర్తయ్యాక ఆయనే విసిరారు, నేను ఆమడ దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆనాడే సముద్రం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇంకొకరు చేసిన వస్తువును నేను చేశానని ఈ జన్మలో చెప్పను. ఇప్పటికీ మా ఇంట్లో ఇడ్లీలు బాగున్నాయని ఎవరైనా అంటే, తినడం వరకే నా పని అని ముందే చెప్పేస్తాను.