క్వారల్ అంటే ఫిర్యాదు

టీచరమ్మకు మాటల పుట్టుపూర్వోత్తరాలంటే పిచ్చి. కుట్టుషాపు మీది గదిలో సాయంత్రాలు పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెబుతుంది. బోర్డు మీద కొత్త మాట రాసిందంటే దాని ఏడుతరాలూ తవ్విపోయాల్సిందే. ఇంతలా మాటల కూపీ లాగే మనిషి సొంత అక్కతో మాత్రం మాట్లాడదు. ఆ అక్క ఎక్కడో లేదు, అదే ఇంట్లో పై వాటాలో ఉంటుంది. ఆస్పత్రిలో నర్సు. అమ్మ పోయాక అమ్మ కుట్టుమిషన్ను చెప్పాపెట్టకుండా అమ్మేసింది. అంతే! చెల్లెలు అడగనైనా అడగకుండా మూతి ముడుచుకుంది. ఏళ్లు గడిచాయి. పైన చెప్పుల చప్పుడు, కింద కుక్కర్ కూత. ఇద్దరి మధ్యా మిగిలిన రాకపోకలు అవే.

అక్కకు వేరే ఊరికి బదిలీ అయిందనీ, రేపు పొద్దున్నే లారీ వస్తుందనీ పాలవాడు చెబితే తెలిసింది. తోబుట్టువు కబురు పాలవాడి నోట వినాల్సిన ఖర్మ! వెళ్లి పలకరించాలని ప్రాణం పీకుతోంది. పంతం మెట్లెక్కనివ్వదు.

ఆ సాయంత్రం బోర్డు మీద ‘క్వారల్’ అని రాసింది.

“ఇప్పుడైతే పోట్లాట అంటాం. లాటిన్‌లో దీని మూలానికి ఫిర్యాదు చేయడం, గోడు చెప్పుకోవడం అని అర్థం. గోడుగా మొదలై కొట్లాటయింది.”

ముందు బెంచీ కండక్టర్ నవ్వాడు. “మా ఆవిడ మొదలెడితే నేను పేపర్ చాటున దాక్కుంటా టీచర్. కానీ తను నోరెత్తని రోజు మాత్రం గుండె జారిపోతుంది. ఇంక నేను తన మనిషిని కాదనుకుందేమోనని!”

క్లాసంతా గొల్లున నవ్వింది. టీచరమ్మ నవ్వలేకపోయింది.

తెల్లారి లారీలోకి సామాన్లెక్కుతుంటే, గబగబా పైకెళ్లింది.

“అమ్మ మిషన్ ఎందుకమ్మేశావక్కా? నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?”

అక్క ట్రంకుపెట్టె మీద కూలబడింది. “ఇప్పుడా అడిగేది? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటావా? దాన్ని చూస్తే అమ్మ కూర్చుని కుడుతున్నట్టే ఉండేది. భరించలేక అమ్మేశా. తప్పే. నువ్వొచ్చి చెడామడా తిడతావని ఎన్ని సాయంత్రాలు తలుపు తీసుకుని కూర్చున్నానో! తిట్టనైనా తిట్టకుండా పరాయిదాన్ని చేశావు కదే!”

ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు. కింద లారీ హారన్ మోగింది. అక్క చెల్లెలి చెంప తుడిచి మెట్లు దిగింది.

ఆ రాత్రి కుక్కర్ కూత వేసింది. అలవాటుకొద్దీ టీచరమ్మ పైకి చూసింది. ఏ చప్పుడూ లేదు. ఇన్నేళ్ల ఫిర్యాదులన్నీ ఒక్కసారిగా నోటిదాకా వచ్చాయి. పైన వినేవాళ్లు లేరు.