కంప్యూటర్లో ఆరు గజాలు

మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేయడమంటే పొయ్యి మీద పప్పు పెట్టడమే. బటన్ నొక్కి, వేరే పని చూసుకోవాలి. మా నాయిన ఆ సందులో గడ్డం గీసుకునేవాడు. నేను బిజినేపల్లి చౌరస్తా దాకా పోయి, కాలేజీకి పోయే వనపర్తి బస్సు వెళ్లిపోయిందని ఖాయం చేసుకుని, నిదానంగా తిరిగొచ్చేవాణ్ని. అప్పటికి తెర మీద నీలాకాశం, తెల్లమబ్బులు తేలుతూ ఉండేవి. ఆ ఏడు ఊరి మీద మబ్బులు కనిపించింది తక్కువ. ఇంట్లో ఉన్నవాటినే చూసి తృప్తి పడేవాళ్లం.

నాయిన మండలాఫీసులో గుమాస్తా. వనపర్తిలో ఒక కంప్యూటర్ శిక్షణ కేంద్రం మూతపడితే, అక్కడ అమ్మకానికి పెట్టిన వాటిలో ఒకటి ఇంటికి తెచ్చాడు. "పిలగాడు బాగుపడ్తడు" అన్నాడు. ఆ పిలగాడు నేనే. డిగ్రీ రెండో ఏడు వచ్చినా నేను బాగుపడిన ఆనవాళ్లు లేవు. ఈలోగా కంప్యూటరే పాతబడింది. తెరకు ఒకవైపు గులాబీ ఛాయ వచ్చింది. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేస్తే, ఆ మూలలో ఎప్పుడూ పొద్దుగూకుతున్నట్టే ఉండేది.

దాంతో నిజంగా బాగుపడింది మా అమ్మ.

అమ్మ పుట్టింది రాజోలిలో, మగ్గాల ఇంట్లో. అటు తుంగభద్ర, ఇటు గద్వాల చీరలు. ఆ ఇంట్లో ఆడపిల్లలు కండెలకు దారం చుట్టాలి, మగపిల్లలు మగ్గం గుంటలో కూచుని నేయాలి. అమ్మ తన పెళ్లయ్యేదాకా ఎన్నో చీరలకు దారం చుట్టింది, ఒక్క చీరా నేయలేదు. మా నాయిన తరఫువాళ్లు మగ్గం ఎప్పుడో దించేసి ఉద్యోగాల్లో పడ్డారు కాబట్టి ఇక్కడికొచ్చాక ఆ మాటే లేదు.

ఒకరోజు నేను కంప్యూటర్లో బొమ్మలు గీసే ప్రోగ్రాం తెరిచి, భూతద్దం గుర్తు నొక్కాను. తెరంతా చిన్న చిన్న గడులైంది. వెనక నిలబడి బియ్యం ఏరుతున్న అమ్మ చాట దించేసింది.

"గిది మా నాయిన మగ్గం కాడ అంటిచ్చే గళ్ల కాయితం గదరా! ఒక్కో గడి ఒక్కో పోగు. జర జరుగు, నన్ను కూసోని."

జరిగాను. ఆ తర్వాత ఆ కుర్చీ నాకు మళ్లీ దొరకలేదు.

మామ, అంటే అమ్మ తమ్ముడు, రాజోలిలో ఇంకా నేస్తున్నాడు. ఈ సంగతి విని నవ్వి, మాట కూడా ఇచ్చాడు. "అక్కా, అంచు గీసియ్యి. ఇప్పుడు మగ్గం మీదున్న పడుగు అయిపోంగనె నీదే ఎక్కిస్త." అమ్మకు అంతే చాలు. వంటయ్యాక, గిన్నెలయ్యాక, మధ్యాహ్నమంతా మామిడి పిందెలు గీసేది. మౌస్ నొక్కేది. కంప్యూటర్ కాసేపు ఆలోచించుకుని ఒక గడి నింపేది. నొక్కడానికీ నిండడానికీ మధ్య అమ్మ చూపు ఎక్కడో ఉండేది. తుంగభద్ర ఒడ్డున అనుకుంటాను. పొయ్యి మీది పాల దగ్గర కూడా కావచ్చు.

నేను చాప మీద పడుకుని ఆ టిక్కు టిక్కు వింటూ నిద్రలోకి జారేవాణ్ని. కలలో గదిలోంచి ఒక నది పోయేది, దాని రెండు గట్లకూ జరీ ఉండేది. మెలకువ వచ్చేసరికి కరెంటు పోయి, అమ్మ విసనకర్రతో కంప్యూటర్‌కు విసురుతూ ఉండేది.

నెలలు గడిచేకొద్దీ కంప్యూటర్ ఇంకా నెమ్మదించింది. గడి నిండేలోపు అమ్మ ఒక కూర తరిగేసేది. చివరికి తెర ఉన్నదున్నట్టే గడ్డకట్టడం మొదలుపెట్టింది. నాయిన ఇక లాభం లేదని, డబ్బాను పాత దుప్పట్లో చుట్టి, నా ఒళ్లో పెట్టి, నాగర్‌కర్నూలు బస్సెక్కించి, తనూ ఎక్కాడు. పక్కన కూచున్న ముసలాయన "దవాఖానకా?" అని అడిగాడు. అవునన్నాను.

కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో అతను దాన్ని విప్పి, వైర్లు తగిలించి, పెదవి విరిచాడు.

"సార్, డిస్కు గొంతుదాక నిండింది. బోర్డు పాతది. రెండు తొవ్వలున్నయి. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు అన్నీ మార్చుడు. లేకుంటే గిదే డిస్కు మొత్తం తుడిచి, మళ్ల కొత్తగ ఎక్కిచ్చుడు."

"తుడిస్తె అండ్ల ఉన్నయి?" అన్నాడు నాయిన.

"పోతయి. కొత్తది పెట్టినా, గీ పాత డిస్కుల నుంచి తీసేది కష్టమే, సగంల ఆగుతుంది. అయినా ఏం పెట్టిన్రు సార్ గింత? సిన్మాలా?"

నాయిన నావైపు తిరిగి చూశాడు. ఆ చూపులో నా చదువు, నా భవిష్యత్తు, నా స్నేహితులు, అందరూ దోషులుగా నిలబడ్డారు. నిజానికి నేను పెట్టిన సినిమా ఒక్కటీ లేదు. పెట్టడానికి జాగా ఎక్కడిది?

ఇంటికొచ్చి నాయిన గడపలోనే ప్రకటించాడు. "మదర్‌ను మార్చాల్నంట."

అమ్మ అన్నం వడ్డిస్తూ తలెత్తలేదు. "మార్చుకోండ్రి. నా అంచు అయినంక."

"గదే చెప్తున్న. మారిస్తె నీ అంచు ఉండది."

గరిటె ఆగింది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదన్నప్పుడు ఆగినట్టు ఆగింది. ఫ్లాపీలో పట్టదా అని అమ్మ నన్నడిగింది. ఫ్లాపీలో అంత పెద్ద బొమ్మ పట్టదు, అప్పటికే ఒకసారి చూశాను. మామ పడుగు అయిపోవస్తోంది, అంచు ముక్కాలు దాటింది, సోమవారం డబ్బా మళ్లీ తెచ్చి కొత్త సామాన్లు వేయిస్తానని నాయిన దుకాణంలో మాటిచ్చి వచ్చాడు. అమ్మ ఏడవలేదు, అలగలేదు. పెరుగు వేయడం మాత్రం మరిచిపోయింది. నాయిన అడగడానికి భయపడి, ఉత్త అన్నం తిన్నాడు.

నన్ను తొలిచింది వేరు. ఇంట్లో దొంగ ముద్ర నా మీద పడింది. తెల్లారి డబ్బాకు వైర్లన్నీ తగిలించి, డిస్కును నింపిందేమిటో వెతకడానికి కూచున్నాను. మబ్బులు వచ్చాయి, పోయాయి. ఒక మూలన అమ్మ ఫోల్డర్ తెరిచాను.

అందులో ఉన్నది ఒక్క అంచు కాదు. వరసగా, కిందికి దిగినా దిగినా తరగనన్ని అంచులు. అమ్మకు ఇంగ్లీషులో తెలిసిన మొదటి అక్షరమే వాటికి పేరు. మొదటిదానికి ఒక ఎ, రెండోదానికి రెండు, ఆ తర్వాత మూడు. చివరికి వచ్చేసరికి పేరు తెరకు ఈ చివర మొదలై ఆ చివర దాకా ఉంది. కంప్యూటర్ నొప్పికి అరుస్తున్నట్టే ఉంది.

"అమ్మా, గివన్నీ ఏంది?"

"దినాం గీసినంత చుట్టి పెట్టిన."

"చుట్టుడేంది?"

"మగ్గం మీద నేసినంత బట్ట కర్రకు చుట్టరా? గట్లనే. ఇయ్యాలటిది నిన్నటిదానెనక ఉంటది."

రోజూ ఆ పొద్దు గీసినదంతా కొత్త పేరుతో దాచిందన్నమాట. ఒక ముక్క గీసి దాన్నే పదేపదే అతికించే వీలుందని నేను చెప్పినా వినకుండా, చీర పొడుగునా, ఆరు గజాలూ, పిందె తర్వాత పిందె చేత్తోనే గీసింది. మా కంప్యూటర్‌కు వచ్చింది ముసలితనం కాదు. లోపల బట్టల బీరువా కన్నా ఎక్కువ చీరలున్నాయి.

"పాతయి తీసేస్త. ఆఖరుది ఉంటె చాలు. కంప్యూటర్ మంచిగైతది, ఏదీ మార్చే పని లేదు."

అమ్మ మొహం మారింది. "వద్దు బిడ్డా. నేసింది కోస్తె పడుగంత సడలిపోతది. నిన్నటిది తీస్తె ఇయ్యాలటిది దేని మీద నిలవడ్తది?"

నవ్వబోయి ఆగాను. మగ్గం ముందు పెరిగిన మనిషికి అది మామూలు లెక్క. ఆఖరుదానిలో మొదటినుంచీ అన్నీ ఉన్నాయని చెప్పాను. నమ్మలేదు. "మాటలొద్దు, జూపియ్యి" అంది.

చూపించాను. మొదటిది తెరిచాను: తెల్లటి తెర మీద ఒక్క పిందె, కొంచెం వంకర. తర్వాతిది: పిందె పక్కన తొడిమ. ఇంకోటి, ఇంకోటి. ఒకటి మూసి ఒకటి తెరుస్తుంటే, తీగ పాకినట్టు అంచు కుడివైపుకు పాకుతూ పోయింది. ఎండ గదిలోంచి నెమ్మదిగా జరిగింది. నాయిన ఆఫీసుకు పోవాల్సినవాడు చెప్పులు వేసుకునే నిలబడిపోయాడు. పిందెలు ఒకరోజు లావు, ఒకరోజు సన్నం.

"గీ రోజు నీకు జరమొచ్చింది" అంది అమ్మ ఒకదాన్ని చూసి. "గిది మీ నాయిన మీద కోపమొచ్చిన రోజు."

ఆ పిందె మిరపకాయలా ఉంది. నాయిన దాన్ని చాలాసేపు చూసి, ఏం తప్పు చేశానా అని ఆలోచిస్తూ ఆఫీసుకు పోయాడు.

చివరిది తెరిచాను. అన్నీ ఉన్నాయి, వంకర పిందెతో సహా. అమ్మ తెర మీద వేలుపెట్టి ఒక్కోటీ తాకి చూసుకుంది.

"సరే. ముందు ఒక్కటి తియ్యి."

తీశాను. ఆఖరుది మళ్లీ తెరవమంది. సడలలేదు. ఇంకోటి తియ్యమంది. మళ్లీ తెరిచి చూసింది. తీసినవి ఎక్కడికి పోతాయని అడిగితే, చెత్తబుట్టలోకి అన్నాను. "చీరలు చెత్తబుట్టల ఏస్తవా?" అని చివాట్లు పెట్టి, మిగతావి కళ్లు మూసుకుని తనే నొక్కింది.

కంప్యూటర్ ఆ తర్వాత పరుగెత్తిందని చెప్పను. లేచి నడిచింది. నాయిన సోమవారం దుకాణానికి ఫోన్ చేసి, "ఇంట్ల మదర్ ఒప్పుకోలే" అన్నాడు.

అంచు పూర్తయ్యాక వనపర్తిలో ముద్రించి, కాయితాలు మైదా పిండితో అతికించి, పెద్ద చుట్ట చేసి రాజోలికి తీసుకుపోయాం. మామ గుంటలోంచి లేచొచ్చి విప్పాడు. అది ఇల్లు దాటి, అరుగు దాటి, వీధిలోకి పోయింది. ఒక మేక దాని అంచున నిలబడి, తొక్కనా తిననా అన్నట్టు చూసింది.

"సాకక్కా, సాకు!" అన్నాడు మామ. కన్నడ సరిహద్దు కాబట్టి ఆయనకు చాలు అనడానికి ఆ మాటే వస్తుంది. "ఒక్క పిందె గీసిస్తె మగ్గమే మళ్ల మళ్ల ఏసుకుంటది గద. నీకెర్క లేదా?"

"ఎర్కనే."

"మరి గింత ఎందుకు గీసినవ్?"

"నువ్వు చీర మొత్తం నేస్తవ్. నేను ఒక్క పిందె గీసి చేతులు కడుక్కుంటనా?"

మామ కాయితం మీదికి వంగి పిందెలను ఒకదాంతో ఒకటి పోల్చి చూశాడు. "ఇవి ఒక్కతీరు లెవ్వు. మగ్గానికి ఒక్కటే ఎక్కుతది. ఏదో చెప్పు" అన్నాడు. అమ్మ కాయితం పొడుగునా నడిచింది. ఎండలో, వీధిలో, తన చీర పక్కనే, ఎవరినో వెంటపెట్టుకుని పోతున్నట్టు మెల్లగా నడిచింది. చివరి పిందె దగ్గర ఆగింది.

"గిది. గప్పటికి చెయ్యి తిరిగింది."

బిజినేపల్లికి తిరిగొచ్చిన రాత్రి అన్నం దగ్గర నాయిన గొంతు సవరించుకున్నాడు. "అంచు అయిపాయె గద. ఇగ కొత్త కంప్యూటర్ తేవాల్నా?"

అమ్మ ఆయన్ని జాలిగా చూసింది.

"కొంగు లేకుండ చీర యాడన్న ఉంటదా?" అంటూ, పెరుగు మాత్రం ఈసారి నిండుగా వేసింది.