రెండు స్టేజీల దూరం

పద్దెనిమిదేళ్లుగా నేను పత్తికొండ రూట్లో బస్సు కండక్టర్‌ని. ఏ స్టేజిలో ఎవరు దిగుతారో, ఏ మలుపులో నిలబడినవాళ్లు తూలిపడతారో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ బస్సు దిగి ఆ రోడ్డు మీద పట్టుమని పది నిమిషాలు నడిచిన పాపాన పోలేదు. అందుకే యాభై కిలోమీటర్ల పరుగు ఆ రోడ్డు మీదే పెడుతున్నారని మా రన్నింగ్ క్లబ్బులో చెప్పగానే, ఎవరూ అడగకముందే చెయ్యెత్తేశాను. తర్వాత మూడు రోజులు ఆ చేతిని తిట్టుకున్నాను.

మా క్లబ్బంటే పెద్ద హంగేమీ లేదు. కర్నూల్లో తెల్లవారుజామున కాలువ గట్టు మీద పరిగెత్తే పదిహేను మందిమి. షుగర్ వచ్చిందని డాక్టర్లు భయపెడితే చేరినవాళ్లే ఎక్కువ, నేనూ అంతే. మాకు పెద్ద దిక్కు ఒక రిటైరైన డ్రిల్లు మాస్టారు. వీపు వంచి పరిగెత్తేవాళ్లను కాలువలోకి తోస్తానంటారు, అరవై దాటినా మాలో ముందుండేది ఆయనే. నాకు జోడీ పంక్చర్ షాపు భాయ్. ఆయనకు మాటలెక్కువ, నాకు కోపమెక్కువ, ఇద్దరికీ వేగం తక్కువ. యాభైకి పేర్లిచ్చింది మేం ముగ్గురమే. మా ముగ్గురికీ ఇరవై ఒక్క కిలోమీటర్లు దాటడం ఇదే మొదటిసారి.

సంగతి తెలిసిన రోజు డిపోలో ఒకటే నవ్వులు. "యాడికక్కా, కాళ్లతోనా? మధ్యాన్నానికి మా బస్సులోనే వస్తావులే, కిటికీ సీటు ఆపి పెడతాం" అన్నాడొక డ్రైవర్. వాడు నాకు తమ్ముడి లాంటివాడు, సరదాకే అన్నాడు. అయినా నాకు ఒళ్లు మండింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కూడా ఇలాగే, ఆడది ఈ రూట్లో నెల రోజులు నిలబడదన్నారు. పరిగెత్తో, నడిచో, చివరికి దేక్కుంటూనో ఆ యాభై నా కాళ్లతోనే పూర్తి చేస్తానని వాడి ముఖం మీదే చెప్పాను. ఆ రోజు నుంచి నాకు మెడల్ ధ్యాసే లేదు. బస్సెక్కకుండా రావాలి, అంతే.

పత్తికొండ టమోటా మార్కెట్‌కి బండ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి, మేం అక్కడి నుంచి తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. పది కిలోమీటర్లకొక టేబులు, అక్కడ నీళ్లు, అరటిపళ్లు, ఒక సంతకం. తొమ్మిది గంటల్లో చేరితేనే లెక్కలోకి వస్తాం. మాస్టారు వెనక్కి చూడకుండా వెళ్లిపోయారు. భాయ్, నేను కబుర్లు చెప్పుకుంటూ ఇరవై దాకా హాయిగానే పోయాం. బస్సులో కూర్చుంటే తెలియని ఎత్తుపల్లాలు ఆ రోడ్డులో ఎన్నున్నాయో ఆరోజే తెలిసింది.

పొద్దెక్కాక నా రూట్లోని బస్సులు మొదలయ్యాయి. ప్రతి డ్రైవరూ నాకు తెలిసినవాడే. ఒకడు హారన్ కొడతాడు, ఒకడు పక్కకొచ్చి మెల్లగా నడుపుతాడు, ఒకడు ఏకంగా ఆపేసి "ఎక్కక్కా" అంటాడు. నేను తల అడ్డంగా ఊపి, పొమ్మని చెయ్యి ముందుకి విసిరేదాన్ని. ఒక బస్సులోంచి ముసలమ్మ తల బయటపెట్టి, "ఏమ్మా, ఇంట్లో కొట్లాడి వచ్చేసినావా?" అని జాలిగా అడిగింది. భాయ్ నవ్వి నవ్వి పొట్ట పట్టుకుని నిలబడిపోయాడు.

ముప్పై దగ్గర సంతకం పెట్టాక నవ్వులు ఆగిపోయాయి. ఎండ నెత్తి మీదికొచ్చింది. రెండు పక్కలా కోతలైపోయిన ఎర్రటి చేలు, తలదాచుకోవడానికి చెట్టు లేదు. తొడలు రాళ్లయ్యాయి. నాతో పాటు నడిచి భాయ్ కూడా టైము పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. పొమ్మని కసిరితే వెళ్లాడు. కాసేపటికి అతని తల మీది తువ్వాలు కూడా కనిపించకుండా పోయింది.

పంపుహౌస్ స్టేజి దగ్గర వెనకనుంచి బస్సొచ్చి ఆగింది. దాని కండక్టర్ కొత్తగా చేరిన పిల్ల, పని నేను నేర్పినదే. నీళ్ల సీసాతో కిందికి దూకింది. "అక్కా, ముఖం చూసుకున్నావా? నల్లగా మాడిపోయిండాది. ఎక్కు, రెండు స్టేజీలు కూర్చొని దిగు. ఎవరు చూస్తాండారు ఈడ?" అంది. నా కాలు మెట్టు మీదికి దానంతటదే లేచింది. అలవాటు అని చెప్పి తప్పించుకోను. సగం అలవాటైతే సగం ఆశ. సీట్లో కూలబడ్డాను. బస్సు కదిలింది. ముఖానికి గాలి తగిలితే ఏడుపొచ్చింది, అంత సుఖంగా ఉంది.

మొదటి స్టేజి పోయింది. లెక్కలు వాటంతటవే వస్తున్నాయి. ముప్పైలో సంతకం అయింది, నలభై ఇంకా రాలేదు. అంతకుముందే దిగితే ఏ కాగితంలోనూ ఇది ఉండదు. కిటికీలోంచి చూస్తే భాయ్ కనబడ్డాడు. ఒక కాలు ఈడుస్తూ, తువ్వాలు కింద ముఖం దాచుకుని, రోడ్డు అంచున ఒక్కడే పోతున్నాడు. బస్సు వైపు తలెత్తలేదు. అతన్ని దాటేశాం. నా సుఖమంతా అక్కడే చచ్చిపోయింది.

తర్వాతి స్టేజి వస్తూనే "హోల్డాన్!" అని అరిచాను. నా బస్సు కాకపోయినా డ్రైవర్ టక్కున ఆపాడు. దిగి మైలురాయి మీద కూర్చున్నాను.

పది నిమిషాలకు భాయ్ వచ్చాడు. నన్ను చూసి నోరు తెరిచాడు. "ఏమక్కా, నన్నెప్పుడు దాటినావు? శానా స్పీడుగా వచ్చినావే!" ఆ ముఖంలో అసూయ లేదు, నిజమైన సంతోషం. ఊ అంటే చాలు, సరిపోయేది.

"దాటలేదు భాయ్. పంపుహౌస్ కాడ బస్సెక్కినా" అన్నాను.

అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "నేను ఎవరికీ చెప్పనక్కా. లెయ్, పోదాం. ఇట్లా మెల్లగా పోయినా టైముకు చేరతాం" అన్నాడు.

"నేను వెనక్కి పోతాండా."

"పిచ్చా నీకు? మూడు కిలోమీటర్లకు పైనే ఉండాది. పోయి మళ్లీ రావాలంటే టైము యాడిది?"

టైము లేదని నాకూ తెలుసు. వెనక్కి వెళ్లడమంటే లిస్టులో పేరు వదులుకోవడమే. కానీ పద్దెనిమిదేళ్లలో టికెట్టు తీసుకోకుండా "ఒక్క స్టేజేనమ్మా, వదిలెయ్" అని బతిమాలినవాళ్లను ఎంతమందిని బస్సు దించానో! వాళ్లలో ముసలివాళ్లున్నారు, చంకలో బిడ్డలున్నవాళ్లున్నారు. వాళ్లకు లేని వెసులుబాటు నాకెక్కడిది? నా మీద నాకే పుట్టిన కోపంతో లేచాను. నిజం చెప్పాలంటే ఆ తర్వాత నన్ను నడిపించింది ఆ కోపమే.

వెనక్కి నడుస్తుంటే ఎదురొచ్చిన ఒకరిద్దరు రన్నర్లు దారి తప్పాననుకుని చేతులూపి చెప్పారు. నేను తలూపి పోతూనే ఉన్నాను. పంపుహౌస్ గోడను చేత్తో తాకి, వెనక్కి తిరిగి, మళ్లీ మొదలుపెట్టాను. కాసేపు పరుగు, కాసేపు నడక. నలభై టేబుల్ దగ్గర అన్నీ సర్దేస్తున్నారు. ఒకాయన "మేడమ్, ఇక టైముకు చేరలేరు, మా కారులో రండి" అన్నాడు. సంతకం పెట్టడానికి పుస్తకం అడిగాను. చివరి పది కిలోమీటర్లలో మూడు బస్సులు ఆగాయి. మూడింటికీ చెయ్యి ముందుకి విసిరాను. చివరిసారి విసరడానికి చెయ్యి కూడా సరిగ్గా లేవలేదు.

మూడు కావస్తుండగా పరుగు ముగిసే ఊరి హైస్కూలు గ్రౌండ్‌లోకి వచ్చాను. షామియానా విప్పేశారు. సున్నంతో గీసిన గీత సగం చెరిగిపోయి ఉంది. మిగిలిన సగం చూసుకుని దాని మీదుగానే దాటాను. రిజిస్టర్ పట్టుకున్న కుర్రాడు మొహమాటంగా, "మేడమ్, టైము అయిపోయింది, పేరు లిస్టులోకి రాదు" అన్నాడు. తెలుసు నాయనా అన్నాను. బాధ లేదంటే అబద్ధం.

మాస్టారు, భాయ్ చేరి చాలాసేపయినా అక్కడే ఉన్నారు. భాయ్ ఏమీ చెప్పలేదని మాస్టారి మాటలోనే తెలిసింది. "ఏమైందమ్మా, మధ్యలో పడిపోయినావా?" అని అడిగారాయన.

"బస్సెక్కినా సార్. దిగి, ఎక్కిన చోటికే పోయి, ఆన్నుంచి మళ్లీ వచ్చినా."

ఆయన నన్ను తేరిపార చూశారు. "అయితే యాభై అయిందా లేదా?"

"అయింది సార్."

"అయితే సరే" అన్నారు. ఆయన కళ్లు తడిశాయి, నావి కూడా.

మమ్మల్ని కర్నూలు చేర్చడానికి తెచ్చిన వ్యాన్ డ్రైవర్ అప్పటికే విసుగ్గా హారన్ కొడుతున్నాడు. "ఎక్కండమ్మా, మీకోసమే ఆగినాం" అన్నాడు.

"ఇప్పుడెక్కుతానప్పా" అన్నాను. కాలు మెట్టు మీదికి లేవలేదు. మాస్టారు ఒక చెయ్యి, భాయ్ ఒక చెయ్యి పట్టుకుని ఎక్కించారు.